గోల్కొండను కాచిన ఊరకుక్క

ఫిరంగుల మధ్య ఒక కుక్క. కరెంటు కథలో ఒక పిల్లి. బాంబు ముక్కులో మూడు పావురాలు. ఆయుధాల చరిత్ర, ఆవిష్కరణల చరిత్ర తిరగేస్తుంటే మధ్యమధ్యలో మనం ఇంట్లో పెంచుకునే ప్రాణులే ఎదురొస్తాయి. ఈ ఆదివారం వాటి ముచ్చట్లు.

1687 మే నెల. ఔరంగజేబు సేనలు గోల్కొండను చుట్టుముట్టి మూడు నెలలు దాటింది. ఒక రాత్రి మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ కొద్దిమందిని వెంటబెట్టుకుని, చప్పుడు కాకుండా కోటగోడ కిందికి చేరాడు. పైన బురుజు మీద కాపలావాళ్లు నిద్రపోతున్నారు. నిచ్చెన వేశారు. ఇద్దరు పైకి ఎక్కేశారు. మిగిలినవాళ్లు ఎక్కడానికి తాళ్ల నిచ్చెనలు సిద్ధమవుతున్నాయి.

ఆ సమయంలో గోడ మీద తిరుగుతున్న ఒక ఊరకుక్క కొత్త మనుషులను చూసి మొరగడం మొదలుపెట్టింది.

కాపలావాళ్లు ఉలిక్కిపడి లేచారు. దివిటీలు వెలిగాయి. పైకెక్కిన ఇద్దరి కథ అక్కడే ముగిసింది. నిచ్చెనలను కిందికి తోసేశారు, చేతిబాంబులు విసిరారు, ఫిరోజ్ జంగ్ మనుషులు వెనక్కి తగ్గారు. ఈలోపు మొగలు శిబిరంలో ఇంకో ముచ్చట జరిగింది. మొదటి ఇద్దరూ గోడ ఎక్కడం చూసిన హాజీ మెహ్రాబ్ అనే సేవకుడు, మిగతాది చూడకుండానే పరుగెత్తుకుంటూ వెళ్లి కోట చిక్కిందని పాదుషాకు చెప్పేశాడు. ప్రార్థనలో ఉన్న ఔరంగజేబు లేచి విజయభేరి మోగించమన్నాడు. భేరీలు మోగాయి. తెల్లారేసరికి కోట మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

మర్నాడు వేగులు ఇంకో కబురు తెచ్చారు. లోపల అబుల్ హసన్ కుతుబ్ షా, మనం తానీషా అని పిలుచుకునే ఆఖరి సుల్తాను, ఆ కుక్కను పిలిపించుకున్నాడు. మెడకు బంగారు గొలుసు, రత్నాల పట్టీ, ఒంటికి జరీ చొక్కా వేయించాడు. ఇకమీదట అది తన దగ్గరే ఉండాలన్నాడు. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ తన 'ముంతఖబ్-ఉల్-లుబాబ్'లో ఈ సంగతిని నమోదు చేశాడు. గెలిచినవాళ్ల పక్షం చరిత్రకారుడే ఓడిన రాజు కుక్కకు పుస్తకంలో చోటిచ్చాడు. గోల్కొండ కథలన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైన కథ ఇది.

బురుజులు, భేరీలు, మందుపాతరలు

ఆ కుక్క చేసిన పని ఎంత పెద్దదో తెలియాలంటే ఆ ముట్టడిలో ఏమేం మోహరించారో చూడాలి. గోల్కొండ బయటి గోడకు ఎనిమిది దర్వాజాలు, 87 బురుజులు. వాటి మీద ఫిరంగులు. బయట ఔరంగజేబు తెచ్చిన ఫిరంగులు. వాటిలో పేరుపొందిన 'ఫతే రహ్బర్' ఈనాటికీ పెట్ల బురుజు మీద ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చూస్తే ఆ లోహం బరువు, దాన్ని అక్కడిదాకా లాగిన ఎద్దుల కష్టం రెండూ తెలుస్తాయి. ఫిరంగిని పోతపోసినవాడి పేరు, పేల్చిన పాదుషా పేరు పుస్తకాల్లో ఉంటాయి. లాగిన ఎద్దులకు పేర్లుండవు.

పెద్ద ఫిరంగులతో పాటు జంబూరక్‌లూ ఉండేవి. మామూలుగా ఒంటె వీపున బిగించి పేల్చే చిన్న ఫిరంగులు ఇవి. కోట మీంచి వచ్చిన అలాంటి గుండొకటి మొగలు సర్దారు కిలిచ్ ఖాన్ చేతిని నుజ్జు చేసింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన కదలకుండా కూర్చుని, రెండో చేత్తో కాఫీ తాగుతూ పక్కవాళ్లతో కబుర్లు చెప్పాడు. మూడు రోజులకు కన్నుమూశాడు. నిచ్చెన వేసిన ఫిరోజ్ జంగ్ ఈయన కొడుకే. ఆ ఫిరోజ్ జంగ్ కొడుకు ఆ తర్వాతి కాలంలో హైదరాబాద్‌కు మొదటి నిజాం అయ్యాడు. అంటే, నిజాం గారి నాన్నను ఆ రాత్రి వెనక్కి పంపింది మన ఊరకుక్కే!

ఫిరంగులతో పని కాకపోయేసరికి మొగలులు గోడ కిందికి సొరంగాలు తవ్వించి మందుపాతరలు పెట్టారు. లోపలివాళ్లు అలికిడి పట్టేసి, తామూ లోపలి నుంచి తవ్వుకుంటూ వచ్చి, దొరికినచోట మందు తీసేశారు, కొన్నిచోట్ల నీళ్లు పోశారు. జూన్‌లో పాతర పేల్చినప్పుడు పేలుడు కోట మీదికి పోకుండా బయట వేచి ఉన్న మొగలు సేన మీదికే వచ్చింది. వందల మంది పోయారు. ఆపై వానలు, వరదలు, శిబిరంలో తిండికి కరువు, రోగాలు. ఈ ముట్టడిని వెక్కిరిస్తూ నియామత్ ఖాన్ అలీ అనే మొగలు ఆస్థాన రచయితే ఒక పుస్తకం రాశాడంటే ఆ శిబిరంలో జనం మనసు ఎలా ఉండేదో ఊహించవచ్చు.

కోట కట్టినవాళ్ల తెలివి గురించి కూడా చెప్పుకోవాలి. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో, కొండ కొసన ఉన్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. ఎవరో వచ్చారని పైవాళ్లకు క్షణంలో తెలిసిపోయే ఏర్పాటు. కొండ మీదికి నీళ్లు ఎక్కించడానికి అంచెలంచెలుగా చక్రాలు, మట్టి గొట్టాలు. ఇంకాస్త ఉత్తరానికి పోతే నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు చిన్నచిన్న మట్టి మూసల్లో ఇనుమును బొగ్గుతో కలిపి, మూతి మూసి, గంటల తరబడి కొలిమి ఊది, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ ముద్దల కోసం పర్షియా వర్తకులు కోనసముద్రం దాకా వచ్చి కూర్చునేవారు. డమాస్కస్ కత్తులని ప్రపంచం మెచ్చుకున్న కత్తులకు ముడిసరుకు దక్కన్ కొలిముల నుంచి కూడా పోయింది.

ఇంత ఉక్కు, ఇంత మందుగుండు, ఇంత శబ్దశాస్త్రం ఉన్న కోటను ఆ మే నెల రాత్రి ఇవేవీ కాపాడలేదు. చప్పట్లు వినిపించే గుమ్మటం దర్వాజా దగ్గర ఉంది, శత్రువు వచ్చింది గోడ మీదుగా. కాపలావాడు నిద్రపోతే ఫిరంగి కూడా నిద్రపోయినట్టే. చీకట్లో కొత్తవాసన పట్టి అరిచే ముక్కు, గొంతు రెండూ కుక్కకే ఉన్నాయి.

చివరికి గోల్కొండ ఎలా పడిందో కూడా చెప్పాలి. 1687 సెప్టెంబరు 21న అబ్దుల్లా ఖాన్ పానీ అనే సర్దారు సొమ్ముకు లొంగి లోపలి నుంచి తలుపు తీశాడు. అబ్దుల్ రజాక్ లారీ అనే మరో సర్దారు మాత్రం గుర్రమెక్కి దొరికినంతమందితో తలపడ్డాడు. ఒంటి నిండా డెబ్బై గాయాలతో స్పృహ తప్పి పడిపోయాడు. అంతకుముందు ఔరంగజేబు పెద్ద పదవి ఇస్తానని పంపిన ఉత్తరాన్ని బురుజు మీద అందరికీ చూపించి చింపేసినవాడు ఆయన. ఆ పౌరుషానికి పాదుషా సైతం కరిగి వైద్యులను పంపించాడు, ఆయన బతికాడు. తానీషా తొణక్కుండా, తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి వేళకు భోజనం చేసి, ఆ తర్వాతే వాళ్ల వెంట నడిచాడు. మేలో ఊరకుక్క కాచిన కోటను సెప్టెంబరులో జీతం తిన్న సర్దారు అమ్ముకున్నాడు.

రోమ్ నగరంలో ఇలాంటి కథే తలకిందులుగా ఉంది. క్రీస్తుపూర్వం 390 ప్రాంతంలో గాల్ సేనలు రాత్రిపూట కాపిటోల్ కొండ ఎక్కుతుంటే కుక్కలు గమ్మున ఉన్నాయట, జూనో దేవత గుడిలోని బాతులు గోల చేసి కావలివాళ్లను లేపాయట. ఆ తర్వాత ఏటా ఒక బాతును పల్లకిలో కూర్చోబెట్టి ఊరేగించేవారు, కుక్కకేమో శిక్ష వేసేవారు. ఎప్పుడో తాతల నాటి కుక్కలు చేసిన తప్పుకు ఆ ఏడాది కుక్కను శిక్షించడం అన్యాయం. ఈ విషయంలో నా ఓటు తానీషాకే.

వీపు నిమిరితే నిప్పురవ్వలు

ఇప్పుడు పిల్లి దగ్గరికి వద్దాం. నికోలా టెస్లా 1856లో స్మిల్యాన్ అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడది క్రొయేషియాలో ఉంది. వాళ్లింట్లో మాచక్ అనే పిల్లి ఉండేది. చిన్నారి నికోలా ఎక్కడికి వెళితే అక్కడికి అది వెంట వెళ్లేది. బాగా చలిగా, గాలి పొడిగా ఉన్న ఒక శీతాకాలపు సాయంత్రం ఆ పిల్లవాడు మాచక్ వీపు నిమిరాడు. వీపంతా ఒక వెలుగు పరుచుకుంది, చిటపటమంటూ రవ్వలు రేగాయి. ఇదేంటని అడిగితే నాన్న, పిడుగు పడ్డప్పుడు చెట్ల మీద కనిపించే కరెంటు, ఇదీ ఒకటేనన్నాడు. అమ్మ మాత్రం, ఇక ఆ పిల్లిని వదిలెయ్యి, ఇల్లంటుకోగలదు అంది. ప్రకృతి అంతా ఒక పెద్ద పిల్లి అయితే దాని వీపు నిమిరేది ఎవరన్న ఆలోచన ఆ పసివాడికి ఆ సాయంత్రమే వచ్చింది. 1939లో, ఎనభై ఏళ్లు దాటిన టెస్లా ఒక చిన్నపాపకు రాసిన ఉత్తరంలో ఇదంతా గుర్తుచేసుకున్నాడు. విద్యుత్తు అంటే ఏమిటని ఆ రోజు నుంచీ అడుగుతూనే ఉన్నానని ఆ ఉత్తరంలో చెప్పుకున్నాడు.

ఆ ప్రశ్న ఎంతదూరం వెళ్లిందో మన రైతులకు బాగా తెలుసు. 1888లో టెస్లా పేటెంటు పొందిన ఇండక్షన్ మోటారు సూత్రమే మన చేలల్లో బోరు మోటారును తిప్పుతోంది. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడిస్తారా అని అర్ధరాత్రి చేను గట్టు మీద ఎదురుచూసిన ప్రతి రైతు కథలోనూ టెస్లా ఉన్నాడు, టెస్లా కథలో మాచక్ ఉంది.

ఇదే మనిషి 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను తీగ లేకుండా దూరం నుంచి నడిపి చూపించాడు. జనం నోరు తెరిచారు. ఆయన దాన్ని ఒక యుద్ధ సాధనంగా కూడా ఊహించాడు. మనుషులు లేని ఆయుధాలు వస్తే యుద్ధాలు అర్థం లేనివై ఆగిపోతాయని నమ్మాడు. ఈ రోజు ఆకాశంలో డ్రోన్లు చేస్తున్న పని చూస్తే ఆ నమ్మకం ఎంత అమాయకమైనదో అనిపిస్తుంది. అయినా ఆ నమ్మకంలోని మంచితనం మీద నాకు గౌరవమే. ముసలితనంలో ఆయన న్యూయార్క్ పార్కుల్లో పావురాలకు గింజలు వేస్తూ తిరిగేవాడు, గాయపడ్డవాటిని హోటల్ గదికి తెచ్చుకుని సాకేవాడు. రెక్కల చివర లేత బూడిదరంగు ఉన్న ఒక తెల్ల పావురమంటే ఆయనకు ప్రాణం. పెంపుడు ప్రాణులు, మహా ఆవిష్కరణలు, ఆయుధాలు మూడూ ఒకే జీవితంలో ఇంతగా కలిసిపోయిన మనిషి నాకు మరొకరు తెలియరు.

కుక్క వల్ల పుట్టిన వస్తువొకటి మన పిల్లల బూట్లకు, బడి సంచులకు, బీపీ చూసే పట్టీకి ఉంది. అదే వెల్క్రో. 1941లో జార్జ్ ద మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు తన కుక్కతో కొండల్లో తిరిగొచ్చాక, చేలో నడిస్తే పంచెకు ఉత్తరేణి గింజలు పట్టుకున్నట్టు, దాని బొచ్చు నిండా ముళ్లకాయలు పట్టుకుని ఉండటం చూశాడు. మనమైతే విసుక్కుంటూ ఏరి పారేస్తాం. ఆయన ఒక కాయను సూక్ష్మదర్శిని కింద పెట్టి దాని కొక్కేలను చూశాడు. ఆ కొక్కేలను నైలాన్‌తో చేయడానికి ఏళ్లు పట్టింది. 1955లో పేటెంటు దక్కింది.

బాంబు ముక్కులో కూర్చున్న పావురాలు

పావురాలను మనుషులు ఎన్ని రకాలుగా పనిలో పెట్టారో చెప్పుకుంటే ఒక పూట చాలదు. జర్మనీలో జూలియస్ నోయిబ్రొనర్ అనే మందుల దుకాణదారు పావురాలతో మందులు పంపించుకునేవాడు. వాటిలో ఒకటి దారితప్పి చాలా రోజులకు తిరిగొచ్చింది. ఇన్నాళ్లూ ఇది ఎక్కడెక్కడ తిరిగిందో అన్న ఆసక్తితో ఆయన తనంతట తానే ఫొటోలు తీసే బుల్లి కెమెరా చేసి పావురం ఎదకు కట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ బొమ్మలు పోస్టుకార్డులుగా అమ్ముడయ్యాయి. గూఢచర్యానికి పనికొస్తుందని సైన్యం కూడా ఆ కెమెరా మీద కన్నేసింది.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఇంకా ముందుకు వెళ్లాడు. బాంబు ముక్కులో మూడు పావురాలను కూర్చోబెట్టి, ముందున్న తెర మీద లక్ష్యం బొమ్మ కనిపిస్తే దాన్ని ముక్కుతో పొడవడం నేర్పాడు. అవి పొడిచే దిక్కును బట్టి బాంబు దారి సరిచేసుకోవాలి. పరీక్షల్లో పావురాలు చక్కగా పనిచేశాయి. పెద్దలకు మాత్రం నమ్మకం కలగలేదు. 1944లో ఆపేయమన్నారు. ఆ శిక్షణ పొందిన పావురాల్లో కొన్నింటిని ఆరేళ్ల తర్వాత అదే బొమ్మ ముందు కూర్చోబెడితే వెంటనే పొడవడం మొదలుపెట్టాయి. వాటి జ్ఞాపకశక్తికి దండం పెట్టాలనిపిస్తుంది. వాటిని ఆ బాంబుల్లో పంపనందుకు ఇంకా ఎక్కువ సంతోషం కలుగుతుంది.

మన పొరుగున ఒడిశా పోలీసులు 1946 నుంచి దశాబ్దాల పాటు పావురాల టపా నడిపారు. వైర్‌లెస్ లేని ఠాణాలకు అవే దిక్కు. 1999లో పెనుతుపాను అన్ని తీగలనూ తెంచేసినప్పుడు కూడా పావురాలు కబురు మోశాయి.

ముట్టడి కథ ఒకటి చెప్పకుండా పిల్లులను వదలలేను. 1949 ఏప్రిల్‌లో యాంగ్సీ నదిలో బ్రిటిష్ నౌక అమెథిస్ట్ మీద చైనా కమ్యూనిస్టు సేనలు ఫిరంగులు పేల్చాయి. నౌక నదిలో మూడు నెలలకు పైగా చిక్కుకుపోయింది. నౌకలో సైమన్ అనే పిల్లి ఉండేది, హాంకాంగ్ రేవులో ఒక నావికుడికి దొరికిన వీధి పిల్లి. గుండు ముక్కలు తగిలి ఒళ్లు గాయమైంది, మీసాలు కాలాయి. కోలుకున్నాక ఎలుకలను వేటాడుతూ ఉన్న కొద్దిపాటి తిండిని కాపాడింది, గాయపడ్డ నావికుల పక్కన పడుకుని తోడుగా ఉంది. ఇంగ్లండు చేరి, బయటినుంచి వచ్చిన జంతువులకు పెట్టే నిర్బంధకాలం పూర్తికాకుండానే ఆ నవంబరులో చనిపోయింది. యుద్ధంలో జంతువుల సేవకు బ్రిటన్‌లో ఇచ్చే డికిన్ పతకం పొందిన పిల్లి ఇప్పటికీ సైమన్ ఒక్కటే.

మొయినాబాద్‌లో ముక్కుల పాఠశాల

ఇవన్నీ పాత ముచ్చట్లు అనుకోకండి. గోల్కొండ నుంచి చేవెళ్ల దారి పట్టి కొంతదూరం వెళితే మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. పేలుడు పదార్థాల జాడ పట్టడం, నేరస్థలంలో వాసన వెంట నడవడం అక్కడి పాఠాలు. ఇంత సాంకేతికత వచ్చాక కూడా కుక్కలెందుకని అడిగేవారికి జవాబు సులువు. మన ముక్కులో వాసన పట్టే కణాలు అరవై లక్షల దాకా ఉంటే కుక్క ముక్కులో ఇరవై, ముప్పై కోట్ల దాకా ఉంటాయి. జనం కిక్కిరిసిన బస్టాండులో కదులుతూ, వాసన పట్టి, తన మనిషికి సైగ చేయడంలో ఏ యంత్రమూ ఇంకా దాని సాటికి రాలేదు. 2023 సెప్టెంబరులో రాజౌరీలో ఉగ్రవాదుల వేటలో ముందు నడిచిన కెంట్ అనే ఆరేళ్ల ఆడ లాబ్రడార్ తన శిక్షకుణ్ని కాపాడే ప్రయత్నంలో తూటాలకు బలైంది. సైన్యం దాని మీద జాతీయ జెండా కప్పి వీడ్కోలు పలికింది. ఆ గౌరవం సరైనది.

ఊరకుక్కల మాటెత్తితే మన ఊళ్లలో రెండు రకాల జవాబులు వస్తాయి. పిల్లలను కరుస్తున్నాయని భయం, దయ చూపాలని బతిమాలడం. భయం అబద్ధం కాదు, కుక్కకాటుకు బలైన పసివాళ్ల ఇళ్లలో ఆ దుఃఖం ఇంకా ఉంది. అందుకే దయ అంటే బిస్కెట్లు విసరడంతో ఆగిపోకూడదు. సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, రేబిస్ టీకా, వీధిలో చెత్త లేకుండా చూడటం, ఈ మూడూ జరిగినచోట గొడవలు తగ్గుతాయి.

వేలు పోసి విదేశీ జాతి కుక్కపిల్లను తెచ్చుకుని, మన ఎండలకు అది రొప్పుతుంటే ఏసీ గదిలో పెట్టుకునే ఇళ్లు పెరుగుతున్నాయి. మన ఎండకు, మన తిండికి తగ్గట్టుగా పుట్టిన ఊరకుక్క తెలివిలోనూ విశ్వాసంలోనూ దేనికీ తీసిపోదు. కుక్కను పెంచుకోవాలని మీ పిల్లలు మారాం చేస్తుంటే, కొనే ముందు మీ వీధిలోనో, దగ్గరలోని సంరక్షణ కేంద్రంలోనో ఉన్న కుక్కపిల్లలను ఒకసారి చూసి రండి. ఒకదాన్ని ఇంటికి తెచ్చుకోండి. మూడు నెలల వయసు రాగానే రేబిస్ టీకా వేయించండి, పశువైద్యుడు చెప్పిన తేదీకి తిరిగి వేయించడం మర్చిపోకండి.